రెండు ఇనుప రింగులు

రింగులు రెండూ పోయింది 2022 అక్టోబరు పదకొండున, మంగళవారం. ఆ ఉదయమే మావారు మల్లేశ్వరరావుగారు కూడా పోయారు. ఇక్కడ రింగుల సంగతి మాత్రమే రాస్తాను.

రాయపూర్‌లో మేముండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వాననీటి కోసం ఒక ఇంకుడు గుంత తవ్వుతామని రైల్వేవాళ్లు అన్నారు. నీరు త్వరగా ఇంకే చోటేదో తేల్చి చెప్పమని మావారిని అడిగారు. ఆయన వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. పాత పైపు ముక్కలతో చిన్నదొకటి, పెద్దదొకటి రింగులు చేశారు. ఒకదాని చుట్టూ ఒకటి నేలలోకి దిగగొట్టి, రెండింట్లోనూ నీళ్లు పోసి, లోపలి రింగులో అంగుళం నీరు ఇంకడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. లోపలి నీరు పక్కలకు పోకుండా బయటి రింగు కాపలా. నేను బడిలో భూగోళం చెప్తాను కాబట్టి గడియారం నా చేతికిస్తారనుకున్నాను. ఇవ్వలేదు.

"నీ పావుగంటకి గంట కొట్టేవాడు ఉండాలి. నా పావుగంట పదిహేను నిమిషాలే" అనేవారు.

మూడు చోట్ల కొలతలు ఆయన నోటుబుక్కులో ఉన్నాయి. నాలుగో వరసలో "మొదలు 6.10" అని ఉంది. ముగింపు గడి ఖాళీ. అంగుళం దిగేలోపు కళ్లజోడు కోసం ఇంటికి వచ్చారు. నాలుగో చోటు ఎక్కడో నాకు చెప్పలేదు. తరవాత నేనెవరినీ అడగలేదు. అడిగితే ఆ రోజు గురించి మాట్లాడాలి.

మరుసటి ఏడు మే నెలలో మా ఆడపడుచు కూతురు ఊర్మిళ వచ్చింది. ఉపగ్రహం పంపిన బొమ్మలు చూసి ఏ నేలలో ఎంత తడి ఉందో పటం గీయడం ఆమె ఉద్యోగం. ఉపగ్రహం పన్నెండు రోజులకొకసారి తెల్లవారుజామున మా మీదుగా వెళ్తుంది. ఆ పూటే నేలలో తడి కొలిచే పుల్ల గుచ్చి, పటం నిజం చెప్తోందో లేదో సరిచూడాలి.

"నాలుగో కొలత లేదని గుంత ఆపడం ఎందుకత్తా? వేరే రింగులు తెస్తాను."

"మూడు జవాబులు ఒక స్కేలుతో కొలిచి, నాలుగోది ఇంకోదానితో కొలిస్తే మార్కులు వేస్తానా?"

"వెయ్యవు. ఆ సంగతి నా చిన్నప్పుడే తెలిసింది" అంది.

మొదటిసారి తెల్లారేసరికి మేం వెళ్లి చూస్తే, మైదానం పక్క వరసలో ప్రతి క్వార్టరు ముందూ కల్లాపి చల్లి ఉంది. రథం ముగ్గులు, తామర ముగ్గులు. ఊర్మిళ పుల్ల గుచ్చింది. మే నెల నేల వానాకాలం అంకె చూపించింది.

చీపురు పట్టుకుని గంగాభవాని ఎదురొచ్చింది. పలాస పిల్ల, పెళ్లై వచ్చి ఇరవయ్యేళ్లు. మావారిని అన్నయ్య అనేది.

"ఏటి వదినమ్మా, బాగుందా? పైనుంచి ఫొటో తీస్తారని నువ్వే కదా చెప్పినావు. వరస మొత్తాన్ని లేపినాను."

"నేల ఎంత ఎండిందో చూడ్డానికి, పిన్నీ!" అంది ఊర్మిళ.

"అరె! ఫొటోకి మొగం కడుక్కోకండా కూకుంటామేటి? పక్కనున్న బీర్‌గావ్ వోళ్ల ముందర మా ఇజ్జత్ ఏం కావాల?"

ఉపగ్రహం దారి మార్చడం ఊర్మిళ చేతిలో లేదు కాబట్టి పన్నెండు రోజులు ఆగాం. ఈసారి నేను ఇంటింటికీ వెళ్లి, ఆ ఒక్క పూట నేలను మురికిగానే ఉండనివ్వమని బతిమాలాను. తలలూపారు. గంగాభవాని ఒక్కతే, "పాపం తగుల్తాది" అంది గానీ, చల్లలేదు.

పటం వచ్చింది. ఊరవతల మందిర్ హసౌద్ దాకా నేలంతా గోధుమరంగు. మా కాలనీలో మాత్రం ఒక్క నీలం గడి.

"పైపు లీకై ఉంటుంది" అంది ఊర్మిళ.

ఆ గడి గంగాభవాని పెరడు. క్వార్టర్ల వెనక గోడ దాటి మేం ఎప్పుడూ వెళ్లలేదు. గిన్నెలు కడిగిన నీళ్లన్నీ అక్కడికే మళ్లించి, గోంగూర, బచ్చలి నిండా పెంచింది. మధ్యలో మోకాలెత్తు కరివేప మొక్క. దాని చుట్టూ ఇనుప రింగు. ఆ రింగు చుట్టూ ఇంకో రింగు.

గంగాభవాని సంబరంగా చెప్పుకుపోయింది.

"అన్నయ్య పెట్టినారు. ఎన్నిసార్లు నాటినా మేకలు కరేపాకు మొక్క తినేస్తన్నాయి, గార్డు చేసిపెట్టండని ఆరు నెలలు అడిగినాను. 'రేపు, రేపు' అన్నారు. ఆ దినం చూస్తే ఒకటి కాదు, రెండు! మేకకొకటి, కుక్కకొకటి. నీళ్లు కూడా పోసి ఉంచినారు, నాటమన్నట్టు." కాస్త ఆగి, "సాయంత్రమే నాటినాను. ఆయన పేరు మీద" అంది.

ఊర్మిళ నావైపు చూసింది. "రింగులు పైకి తీసెయ్యచ్చత్తా. పిన్ని రెండు వారాలు నీళ్లు పోయకపోతే నేల ఆరుతుంది. పక్కనే మళ్లీ దిగగొట్టి కొలుద్దాం."

గంగాభవాని మొహం పాలిపోయింది. "అవి కొలతకి పెట్టినవా? తీసేసుకో వదినమ్మా. మొక్కదేముంది."

రెండు వారాలు నీళ్లు లేకపోతే రాయపూర్ మే నెలలో మొక్కదేముంటుందో నాకు తెలుసు. రింగులు లేకపోతే మేకలున్నాయి.

"పోస్తూనే ఉండు" అన్నాను.

ఆమె వెంటనే రెండు రెబ్బలు తుంచి నా చేతిలో పెట్టింది. మూడో రెబ్బకు చెయ్యి చాపి, "చారుకి రెండు చాల్లే" అని ఆగిపోయింది.

ఉన్న మూడు కొలతల్లో రెండోదే మెరుగు. వానలకు ముందే గుంత అక్కడ తవ్వారు. నాలుగో చోట ముగింపు సమయం ఇంకా రాయలేదు.