ఎవరూ లేచి వెళ్ళలేదు

ముందు టైరును కర్రతో కొట్టి, ఆ చప్పుడు విని, డ్రీమా కాడిల్ వెనక టైరు దగ్గరికి నడిచింది. గట్టి టైరు ఒకలా మోగుతుంది, గాలి తగ్గినది ఇంకోలా. కొండల మీద ఇంకా వెలుగు రాలేదు. డిసెంబరు మంచు పసుపుపచ్చ స్కూలు బస్సు అద్దాల మీద ఉప్పులా పేరుకుపోయింది. ఆమె నోట్లోంచి ఆవిరితో పాటు మాటలు వస్తున్నాయి.

"మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, వర్గమూలం కింద బి స్క్వేర్..."

"ప్రార్థనా?" షెడ్డు గుమ్మంలో కాఫీ తాగుతున్న వెండెల్ అడిగాడు. బస్సుల షెడ్డుకి అతనే పెద్ద. ముందు పొట్ట వస్తుంది, కాసేపటికి మనిషి వస్తాడు.

"అలాంటిదే. ఇవాళే ఫైనల్."

"మూడోసారి కదూ?"

"నువ్వు గుర్తు చెయ్యకపోతే మర్చిపోయేదాన్ని, వెండెల్."

డ్రీమాకి యాభై దగ్గరపడింది. వెడల్పాటి భుజాలు, చలికి పగిలిన వేళ్ళ కణుపులు, మెట్టెక్కితే చిటుక్కుమనే ఎడమ మోకాలు. ఇరవై రెండేళ్ళుగా ఇదే లోయలో ఇదే దారిన బస్సు నడుపుతోంది. ఆమె ఎక్కించుకుని వెళ్ళిన పిల్లల పిల్లలు ఇప్పుడు ఆమె బస్సే ఎక్కుతున్నారు. ఎవరైనా ఆమె గురించి చెప్పాలంటే, "ఆ బస్సు నడిపే ఆవిడ" అంటారు. అంతకంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

చెప్పని సంగతి ఒకటుంది. ఆమె తండ్రి హర్షెల్ బొగ్గుగనిలో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. చివరి శీతాకాలం ఇంటికి ఒకామె వచ్చేది. ఊపిరి యంత్రం సరిచేసి, ముసలాయన ఎదురుగా కూర్చుని, "కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదండి, హర్షెల్ గారూ. తొందరేం లేదు" అనేది. నీలంగా ఉన్న ఆయన పెదాలు కాసేపటికి మామూలు రంగుకి వచ్చేవి. డ్రీమా ఆ మనిషి చేతులనే చూస్తూ ఉండేది. ఆ పని తనకి రావాలనుకుంది. పెళ్ళి, విడాకులు, అమ్మ పక్షవాతం, ఇంటి కప్పు, ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆ కోరికను పక్కకి నెట్టాయి గానీ చంపలేకపోయాయి.

ఊరి కాలేజీలో మిగతా పాఠాలన్నీ ఒక్కొక్కటిగా గట్టెక్కింది. బీజగణితం మాత్రం రెండుసార్లు ముంచింది. జనవరిలో మొదలయ్యే శ్వాస చికిత్స కోర్సులో ఆమెకి సీటు అట్టేపెట్టారు. ఇవాళ పాసైతే సీటు ఆమెది. తప్పితే ఇంకొకరిది. మూడోసారి తప్పినవాళ్ళని కాలేజీ నాలుగోసారి కూర్చోనివ్వదు.

బస్సులో పొద్దున్నే పాఠం నడిచింది. ఆఖరి సీట్లోంచి హైస్కూలు కుర్రాడొకడు అరిచాడు.

"మిస్ డ్రీమా! అసమీకరణాన్ని మైనస్‌తో గుణిస్తే గుర్తేమవుతుంది?"

"తిరగబడుతుంది. నువ్వు కూర్చోకపోతే నువ్వూ తిరగబడతావు."

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

పిల్లల్ని దించి షెడ్డుకి రాగానే వెండెల్ ఎదురొచ్చాడు. మొహం చూస్తేనే తెలిసింది.

"వద్దు," అంది డ్రీమా, అతను నోరు తెరవకముందే.

"రాండల్ జ్వరంతో పడిపోయాడు. చిట్టి పిల్లల మధ్యాహ్నం ట్రిప్పుకి ఎవరూ లేరు. ఒంటిగంటకి నీ పరీక్ష అని తెలుసు. పన్నెండున్నరకల్లా వచ్చేస్తావు. నా మాట నమ్ము."

"నీ మాట నమ్మే నా మొదటి మొగుణ్ణి చేసుకున్నా."

"వాడు నా తమ్ముడే కానీ, ఆ పాపం నాది కాదు."

ఆమె వెళ్ళింది. నాలుగేళ్ళ పిల్లలు రోడ్డు మీద నిలబడి బస్సు కోసం చూడలేరు.

కొత్త దారి, కొత్త పిల్లలు. ప్రతి మలుపులోనూ ఆగి, ప్రతి గుమ్మంలోనూ ఇంటి పెద్దవాళ్ళెవరో ఒకరు కనబడ్డాకే తలుపు తీసింది. ఆఖరి ఇంటి దగ్గర ఎవరూ రాలేదు, ఎవరూ దిగలేదు. అద్దంలో చూస్తే సీట్లన్నీ ఖాళీ. ఈ పిల్ల ఇవాళ బడికి రాలేదు కాబోలు అనుకుంది. వెండెల్ చెప్పినట్టే షెడ్డుకి వేళకి చేరింది. కారు తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి. కాలేజీ కొండ అవతలే.

బస్సు ఆపగానే వెనక బెల్లు మోగడం మొదలుపెట్టింది. డ్రైవరు చివరి సీటు దాకా నడిచి, నిద్రపోయిన పిల్లలెవరూ లేరని చూసి, అక్కడున్న మీట నొక్కితేగాని అది ఆగదు. తొందరలో ఉన్న డ్రైవర్లు బయటినుంచి వెనక తలుపు తెరిచి, చెయ్యి పెట్టి నొక్కేస్తారు. రాండల్ రోజూ చేసే పని అదే. డ్రీమా దిగింది. వెనక తలుపు దాకా వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది.

చెయ్యి తీసేసింది. తిట్టుకుంటూ మళ్ళీ ముందునుంచి ఎక్కి, ఒక్కో సీటు కిందకి వంగి చూసుకుంటూ నడిచింది.

ఆఖరి సీటు కింద, గులాబీరంగు కోటు తల మీదకి కప్పుకుని, ఒక పిల్ల ముడుచుకుని ఉంది. నిద్రపోవడం లేదు. కళ్ళు రెండూ ఆమెనే చూస్తున్నాయి.

"నీ పేరేంటి, బంగారం?"

"టిన్స్లీ."

"మరి దిగలేదేం?"

"అది అమ్మ ఇల్లు. ఇవాళ అమ్మ పనికెళ్ళింది. ఇవాళ మామ్మ ఇల్లు." పిల్ల గొంతులో జాలి ఉంది. "నువ్వు తప్పుచోట ఆపావు. అందుకే దాక్కున్నా."

మామ్మ ఇల్లు ఎక్కడంటే, వంతెన దాటాక, ఎర్ర ట్రక్కు ఉన్నచోట. ఈ కొండల్లో ఎర్ర ట్రక్కు లేని గుమ్మం ఉండదు. షెడ్డులో ఎవరూ లేరు. వెండెల్ రేడియోలో దొరికాడు. ఎక్కడో బురదలో దిగబడ్డ ఇంకో బస్సును లాగిస్తున్నాడు.

"అక్కడే కూర్చోబెట్టు, గంటలో వచ్చేస్తా."

"వాళ్ళ మామ్మ ఈ చలిలో రోడ్డు మీద నిలబడి ఉంటుంది, వెండెల్. ఆ లోయలో ఫోన్లు మోగవు."

రేడియో గరగరమంది.

"నీ పరీక్ష?"

డ్రీమా రేడియో పెట్టేసింది. పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించి, బండి తిప్పింది.

బీజగణితం చెప్పే టాకెట్ మాస్టారి నియమం ఆమెకి గుర్తుంది. పోయిన వారమే ఆయన సుద్దముక్క ఊపుతూ చెప్పాడు: "ఆలస్యంగా రండి, ఫర్వాలేదు. కానీ ఒక్కరు పేపరిచ్చి గది దాటారంటే, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి పేపరివ్వను. బయట ప్రశ్నలు చెప్పుకుంటారు. నా తల్లి వచ్చినా ఇవ్వను." ఆ తరగతిలో లెక్కలు బాగా వచ్చిన కుర్రాళ్ళున్నారు. వాళ్ళకి ఈ పరీక్ష అరగంట పని.

మూడో ఎర్ర ట్రక్కు దగ్గర మామ్మ దొరికింది. ఆవిడ నిజంగానే రోడ్డు మీదే ఉంది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, వణికిపోతూ. పిల్లను పొట్టకి అదుముకుని మాట్లాడలేకపోయింది. తర్వాత మాట్లాడటం ఆపలేకపోయింది.

"లోపలికి రా తల్లీ, చిక్కుళ్ళు పొయ్యి మీదే ఉన్నాయి, మొక్కజొన్న రొట్టె..."

"ఇంకోసారి వస్తానమ్మా. నాకు ఎక్స్ విలువ కనుక్కునే పనుంది."

బస్సు మలుపు తిరిగేసరికి ఒంటిగంట దాటి చాలాసేపయింది. రేడియో మోగింది.

"డ్రీమా, బస్సు షెడ్డుకి తేకు. కాలేజీకే పోనీ."

"సొంత పనికి బస్సు వాడకూడదు కదా."

"బురదలో ఉన్నా. నాకేం కనబడటం లేదు."

కాలేజీ ఆవరణలో ఆరు కార్లు పట్టే చోట ఆ బస్సును అడ్డంగా ఆపింది. మళ్ళీ బెల్లు మోగింది. ఖాళీ బస్సు అని తెలిసీ, చివరిదాకా వంగి వంగి చూసుకుంటూ నడిచి, మీట నొక్కే దిగింది. పరిగెత్తింది. మోకాలు ప్రతి మెట్టుకీ చిటుక్కుమంది. గది బయట వసారాలో ఎవరైనా ఉంటే, కబుర్లు వినబడితే, కథ అయిపోయినట్టే.

వసారా నిశ్శబ్దంగా ఉంది.

తలుపు తోసింది. అందరూ ఉన్నారు. ఒక్కరూ రాయడం లేదు. పేపర్లన్నీ బల్లల మీద బోర్లా పడున్నాయి. సగంమంది కోట్లు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, టోపీలు కూడా పెట్టుకుని కూర్చున్నారు. లెక్కల్లో మొనగాడైన కుర్రాడు పైకప్పులోని దీపాలు లెక్కపెడుతున్నట్టు తల వెనక్కి వాల్చాడు. ఆమె పక్కసీటు జేలిన్, హోటల్లో బర్గర్లు అందించే పంతొమ్మిదేళ్ళ పిల్ల, అప్పటికే ఆ హోటలు టోపీతో ఉంది. ఆమె పనిలోకి వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది.

టాకెట్ మాస్టారు కళ్ళద్దాల మీదుగా గదిని చూశాడు, డ్రీమాను చూశాడు.

"గంటసేపటినుంచి వీళ్ళంతా చాలా లోతుగా ఆలోచిస్తున్నారు, మిసెస్ కాడిల్," అన్నాడు. "నా ఉద్యోగంలో ఇంత లోతు చూడలేదు." పేపరు తీసి చాచాడు. "నియమం నియమమే. ఎవరూ బయటికి వెళ్ళలేదు. కూర్చోండి."

ఆమె కూర్చోగానే పక్కనుంచి గుసగుస వినిపించింది. "ట్రాఫిక్కా, మిస్ డ్రీమా?"

"ఎర్ర ట్రక్కులు."

అప్పుడు జేలిన్ లేచి తన పేపరిచ్చి వెళ్ళింది. ఆమె వెనకే మిగతావాళ్ళు, చర్చిలోంచి వస్తున్నట్టు ఒక్కొక్కరే. పోతూ పోతూ ఒకడు ఆమె బల్లను వేలితో తట్టాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

సగం వేళే ఉంది. ఆమె గీతలు గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. రెండు లెక్కలు అసలు ముట్టుకోలేదు. వర్గమూలం కింద రెండు ఎక్స్ ప్లస్ మూడు. అవతలవైపు ఒట్టి ఎక్స్. పోయినసారి ముంచింది ఇదే జాతి. రెండువైపులా వర్గం చేసింది. విడదీసింది. మూడు ఒక సమాధానం, మైనస్ ఒకటి ఇంకోటి. రెండూ పద్ధతి ప్రకారమే వచ్చాయి. రెండూ పెద్దమనుషుల్లా కనబడ్డాయి. పోయినసారి రెండూ రాసి ముందుకి ఉరికింది. ఇలాంటివి నాలుగిస్తే నాలుగూ పోయాయి.

పక్క లెక్క ఆమెకి వచ్చినదే. మార్కులు ఊరికే వచ్చేవి. గడియారం వైపు చూసింది. అయినా ఆ లెక్క మొదటి గీత దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. మూడు పెట్టింది: తొమ్మిదికి వర్గమూలం మూడు. సరిపోయింది. మైనస్ ఒకటి పెట్టింది: ఒకటికి వర్గమూలం ఒకటి, అవతల మైనస్ ఒకటి. కుదరలేదు. కొట్టేసింది. మిగిలిన మూడింటికీ అదే చేసింది. ఒక్కోదాన్ని మొదటికంటా తీసుకెళ్ళి, పెట్టి చూసి, నిలబడిందాన్ని ఉంచింది. వేళ అయిపోయేసరికి పేపర్లో తెల్లగా మిగిలిన జాగా చాలానే ఉంది.

"ఆగుతారా?" అన్నాడు మాస్టారు. ఎర్ర పెన్ను తీశాడు.

ఆమె నిలబడే ఉంది. ఆయన పెన్ను ఒక పేజీలో చాలాసేపు ఆగింది. "నాలుగు దొంగ సమాధానాలు. నాలుగూ పట్టారు. ఈ గదిలో నాలుగూ పట్టినవాళ్ళు ఇద్దరే."

"మళ్ళీ పెట్టి చూశాను, సార్. నిలబడలేదు."

"రెండు లెక్కలు వదిలేశారు."

"వేళ చాల్లేదు. ఇది చూడకుండా దిగబుద్ధి కాలేదు."

ఆయన కింద గీత గీసి అంకె రాశాడు. డెబ్బై కావాలి. డెబ్బై మూడు ఉంది.

డ్రీమా ఆ అంకెను కాసేపు చూసింది. ఊపిరి తీసుకుని, కొవ్వొత్తి ఆర్పినట్టు నెమ్మదిగా వదిలింది. తలుపు తీసేసరికి వసారాలో వాళ్ళంతా గోడకి ఆనుకుని ఉన్నారు. ఆమె మొహం చూడగానే వాళ్ళు పెట్టిన కేకలకి పక్కగదిలోంచి చరిత్ర మాస్టారు బయటికొచ్చి చూశాడు.

"సీ గ్రేడా?" అంది జేలిన్, మెడకి వేలాడుతూ.

"సీ."

"సీ చాలు! సీతో డాక్టర్లయినవాళ్ళు బోలెడుమంది. నేను మేనేజరుకి టైరు పంచరని చెప్పా. నా మాట పోకుండా చూడు, నన్ను బస్సులో దింపు."

"అది స్కూలు బస్సు."

"నేను స్టూడెంటునే కదా!"

ఆ మధ్యాహ్నం పసుపుపచ్చ బస్సు ఒక బర్గర్ల హోటలు ముందు ఆగింది. టోపీ పెట్టుకున్న పిల్ల దిగి, లోపలివాళ్ళందరూ చూస్తూండగా బస్సుకి సెల్యూట్ కొట్టింది.

సాయంత్రం ట్రిప్పులో డ్రీమా ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. హైస్కూలు కుర్రాడు ఆమె మొహాన్ని ఒకసారి చూసి వెనక్కి తిరిగి అరిచాడు. కొండ దిగేదాకా బస్సంతా సీట్లు బాదుతూనే ఉంది. మరుసటి రోజునుంచి క్రిస్మస్ సెలవులు. పిల్లలు ఒక్కొక్కరే దిగి చీకట్లో ఇళ్ళ దీపాలవైపు పరిగెత్తారు. ప్రతి ఒక్కరికీ "జాగ్రత్త, బంగారం" అంది. రోజూ అనే మాటే. ఇవాళ తలుపు మూయడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

షెడ్డులో తాళాలు మేకుకి తగిలించింది. వెండెల్ మోకాళ్ళదాకా బురదతో కూర్చుని ఉన్నాడు.

"అయితే జనవరిలో..." అన్నాడు.

"రాను."

అతను తల ఊపాడు. టోపీ తీసి, లోపల ఏదో ఉన్నట్టు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మొదట్లో ఆ లోయ మలుపు దగ్గర రోజూ ఏడ్చేదానివి. గుర్తుందా?"

"ఇప్పుడు నువ్వు ఏడవకు. మా పెళ్ళిలో ఏడ్చావు, ఏమైందో చూశాంగా."

అతను నవ్వి ముక్కు తుడుచుకున్నాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నా సీటు మెత్తను బస్సులోనే ఉంచేశా. కింద స్ప్రింగు పొడుస్తుంది. కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తుంది."

ఆమె కారు కొండ మలుపు దాటింది. దీపాలు ఆర్పిన బస్సులో, డ్రైవరు సీటు మీద, అంచులు అరిగిన నీలం మెత్త మధ్యలో లోతుగా నొక్కుకుపోయి ఉంది. చలిలో అది ఒక్కరవ్వ ఒక్కరవ్వగా పైకి పొంగుతోంది.