ఎర్రచుక్క బిళ్ళలు

వారం కూలి చేతికొచ్చిన సాయంత్రం కూడా ఆ తల్లికి ఇంటి మెట్లంటే ఏడుపే. నలభై రెండు మెట్లు. పగలంతా మందిరంలో వంగి వంగి నేల తుడిచిన నడుము మొదటి మెట్టు దగ్గరే చేతులెత్తేస్తుంది. ఎత్తేస్తే మాత్రం ఎవరొచ్చి మోసుకుపోతారు? ఒక చేత్తో గోడ, ఒక చేత్తో చిల్లర సంచి పట్టుకుని ఎక్కుతుంది.

సంచి ఎందుకంటారా? మందిరం లెక్కలు చూసే పెద్దాయన ఆమెకు కూలి నోట్లలో ఇచ్చిన పాపాన పోలేదు. కానుకల పెట్టెలో పడిన చిల్లరంతా ఆమెకే అంటగడతాడు. బిళ్ళలు తీసుకోవాలంటే బ్యాంకువాళ్ళు సణుగుతారట. నోట్లు బ్యాంకుకి, బరువు ఈమెకి. రోజుకు పన్నెండు బిళ్ళలు. రాని రోజుకు పన్నెండు కోత. భర్త పోయిన ఈ నాలుగేళ్ళలో ఆమె ఒక్కరోజు కూడా కోత పడనివ్వలేదు. జ్వరమొస్తే జ్వరంతోనే ఊడ్చింది.

ఇంట్లో ఉన్నది ఒక్కతే కూతురు. ఏడేళ్ళు. మాటకు మాట అడ్డం వేస్తుందని కింద వాటాలో కుట్టుపని చేసే పిన్ని దానికి ప్లీడరమ్మ అని పేరు పెట్టింది. ఆ పేరే స్థిరపడింది.

మొక్కై వంగనిది మానై వంగదని, తల్లి దానికి మూడు పాలపొడి డబ్బాలు కడిగి ఇచ్చింది. ఒకదానిమీద ఖర్చు, ఒకదానిమీద పొదుపు, ఒకదానిమీద దేవుడు అని కాగితాలు అంటించింది. వారానికి మూడు బిళ్ళలు, డబ్బాకొకటి. ఖర్చు డబ్బా ఎప్పుడూ ఖాళీయే, అది వేరే సంగతి. పొదుపు డబ్బా కొత్త బూట్లకోసం. దేవుడి బిళ్ళ బడి సెలవురోజున మందిరం పెట్టెలో వేయాలి.

"ఇచ్చి ఊరుకోవాలి. ఇచ్చి అడిగామంటే అది బేరం, కానుక కాదు," అని కూడా చెప్పింది.

రెండు వారాల కిందట సంచి చాపమీద గుమ్మరించి, ఇద్దరూ బిళ్ళలు దొంతర్లు పెడుతుంటే ప్లీడరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, ఇది నేను దేవుడికిచ్చిన బిళ్ళ."

బిళ్ళమీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంది.

"పిన్ని రంగుతో నేనే పెట్టా. అంతమంది వేస్తారు కదా, నాది ఏదో ఆయనకి తెలియొద్దూ?"

"తెలిసే ఉంటుందిలే."

"తెలిస్తే వెనక్కెందుకు పంపాడు?"

రెండు ముక్కల్లో చెప్పేస్తే పోయేది. కానీ దేవుడికని ఇచ్చిన బిళ్ళ తన ఇంటి అద్దెలో కలుస్తుందని పిల్లకు ఏ మొహంతో చెప్పడం? పైగా మోకాళ్ళు సలుపుతున్నాయి. అలిసిన నోటికి జవాబుకన్నా కసురుకోవడం తేలిక.

"నా ప్రాణం తీయకు. ముందు పక్కకు జరుగు."

ప్లీడరమ్మ జరిగింది. మరుసటి వారం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తానే కూర్చుని బిళ్ళలు లెక్కపెట్టింది. తల్లి కళ్ళు మూసుకుని గోడకు చేరబడి, హమ్మయ్య, ప్లీడరుగారికి బుద్ధొచ్చింది అనుకుంది. బుద్ధి కాదు, బెంగ అని ఆమెకేం తెలుసు!

ఈ సాయంత్రం బిళ్ళల లెక్క ముగిశాక చూస్తే పిల్ల కుడికాలి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. సరే, కొనేద్దాం అని తల్లి పొదుపు డబ్బా అందుకుంది. చప్పుడు లేదు. మూత తీస్తే లోపల ఏమీ లేదు.

"తొమ్మిది వారాల డబ్బులే! ఏం కొనుక్కుతిన్నావే?"

"తినలేదు. దేవుడి పెట్టెలో వేశా."

"ఎవరు వేయమన్నారు నిన్ను?"

"మొదటివారం ఒకటే వేశా. తిరిగొచ్చేసింది. తక్కువైందేమో అని పోయినవారం చుక్కలు పెట్టి నాలుగు వేశా. అవీ వచ్చేశాయి. ఈసారి ఏడు వేశా. చూడు, ఏడూ నీ సంచిలోనే ఉన్నాయి. నేనిస్తే ఆయనకి వద్దమ్మా."

"ఏదో అడిగావు కదూ?"

"అడగకూడదన్నావుగా."

"అడిగావా లేదా?"

"నీకు ఒక్కరోజు సెలవిమ్మన్నా. అంతే."

కొట్టడానికి లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తల్లి చాపమీద కూలబడింది. ఇక దాచి ఏం లాభం? పెట్టెలో చిల్లరే తన కూలి అని, ఆ పెద్దాయన సంచిలో పోసి ఇస్తాడని, దేవుడు ఎవరి బిళ్ళా వెనక్కి పంపలేదని, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

ప్లీడరమ్మ ముక్కు తుడుచుకుంది.

"అయితే నావన్నీ నీకే వచ్చాయా?"

"వచ్చాయి తల్లీ."

"ఒకటి, నాలుగు, ఏడు. పన్నెండు. నీకు రోజుకెంత?"

"పన్నెండు."

"మరి ఆయన పంపేశాడుగా! డబ్బులు తీసుకున్నావు, సెలవు మాత్రం తీసుకోలేదేంటి? తప్పు నీదేనమ్మా."

తల్లికి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. "మరి నీ బూట్లో?"

"తొమ్మిది వారాలేగా."

రేపు రాలేనని తల్లి ఆ సాయంత్రమే పిన్ని చేత మందిరానికి కబురు పంపింది. తెల్లారకముందే అలవాటు చొప్పున మెలకువ వచ్చేసింది. చెయ్యి చీపురుకోసం వెతికింది. పిల్ల దుప్పటి లాగి మెడదాకా కప్పింది. కాసేపటికి తానే జడ వంకరటింకరగా వేసుకుని, బూటుకు పురికొస చుట్టుకుని, "లేచావంటే ఊరుకోను," అని బెదిరించి తలుపు దగ్గరగా వేసి బడికి పోయింది.

మెట్లమీద ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు టపామంటూ వినిపించింది. తల్లి పడుకునే నలభై రెండూ లెక్కపెట్టింది. లేచి వెనక్కి పిలవాలనిపించింది. కానీ ఆ సెలవు ఎవరి కాళ్ళు కొన్నాయో తెలుసు. లేస్తే ఆ పన్నెండు బిళ్ళలూ వృథా. అందుకే లేవకుండా, పక్కమీదే ఏడ్చింది.