ఏరు దాటిన కర్ర

నేను ఒక చేతికర్రను. ముసలివాళ్ల ఊతమని జాలిపడకండి, నాకది గిట్టదు. రాజమండ్రిలో గొడుగుల కొట్టువాడు నల్లతుమ్మను చిత్రిక పట్టి, లక్క పూసి, కొసన ఇత్తడి పొన్ను తొడిగితే పుట్టాను. నన్ను కొన్నది యాత్రా రచయిత భుజంగరావు. కొన్నరోజే పెరట్లో బండమీద నా పొన్ను అరగదీశాడు. ఫొటోలో చాలా దూరం నడిచినట్టు కనిపించాలి కదా!

యాత్రికుడంటే ఒంటరిగానే వెళ్లాలని ఆయన సిద్ధాంతం. ఎక్కడో దారి తప్పాలి, ఎవరో ముసలమ్మ గంజి పోయాలి. ప్రాణం మీదికి రావాలి గానీ పోకూడదు. మధ్యాహ్నానికే ఇల్లు చేరినా సరే, అధ్యాయం చివర పొద్దు గుంకి తీరాలి.

మన్యంలో గుర్రాలవాగుకి జీపులో వెళ్లాం. నేను వెనక సీట్లో అరటిపళ్ల పక్కన పడుకున్నాను. తోలింది ఆ కొండల్లోనే పుట్టిన బొజ్జిరెడ్డి. ఫొటో కోసం ఈయన నీళ్లలో దిగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దిగకండి బాబూ. ఇక్కడ ఎండే ఉంటదండి, పైన వాన కొట్టేసుంటది. ఏరు చెప్పి రాదండి."

ఈయన బుద్ధిగా జీపెక్కి, వంతెన మీదుగా అవతలికెళ్లి ఇడ్లీలు తిన్నాడు. పుస్తకంలో మాత్రం జీపు లేదు, బొజ్జిరెడ్డి లేడు, వంతెన అసలే లేదు. మోకాలి లోతు నీళ్లలో, నన్ను ఊతం చేసుకుని, ఒంటరిగా వాగు దాటేశాడు. చదివినవాళ్లు ఒళ్లు గగుర్పొడిచిందని ఉత్తరాలు రాశారు.

ఒకరోజు తణుకు నుంచి హైమావతి అనే ఆవిడ వచ్చింది. తడిసి ఉబ్బిన ఆ పుస్తకం బల్లమీద పెట్టింది. వాళ్లాయన విస్సన్న, హిందీ మాస్టారు. ఆ పుస్తకం చంకన పెట్టుకుని అదే వాగుకి వెళ్లాడట. బొజ్జిరెడ్డి ఆపితే, పేజీ తీసి చూపించి మరీ దిగాడట. మర్నాడు దిగువన శవం దొరికింది. ఊరంతా చచ్చినవాణ్ణి మూర్ఖుడంటున్నారు, కూతురికి ఏం చెప్పాలో తెలియడంలేదంది.

"ఒక్కమాట చెప్పండి. మీరు దాటిన్నాడు నిజంగా మోకాలి లోతేనా అండీ?"

'నేను దాటలేదు' అంటే చాలు, పోయిన మాస్టారి పరువు దక్కేది. భుజంగరావు కళ్లు తుడుచుకున్నాడు. ఆ విద్య ఆయనకు బాగా వచ్చు.

"మోకాలి లోతేనమ్మా. అడుగు చూసి వెయ్యాలి. మాస్టారు తొందరపడ్డారేమో."

ఆవిడ బల్లమీది పుస్తకం తీసుకుంది. "ఔనండి. ఆయనకన్నిటికీ తొందరే" అంది. వెళ్తూ వెళ్తూ మూలనున్న నన్ను తాకి కళ్లకద్దుకుంది. నాకు నవ్వొచ్చింది.

రెండో ముద్రణ మాస్టారికే అంకితమిచ్చాడు. మొదటిదానికంటే బాగా అమ్ముడుపోయింది.

భుజంగరావు పోయాక నన్ను గ్రంథాలయంలో అద్దాల పెట్టెలో పెట్టి, 'ఏరు దాటిన కర్ర' అని చీటీ అంటించారు. హైమావతి ఏటా కూతుర్ని తీసుకొచ్చి నన్ను చూపిస్తుంది. ఇలాంటి కర్ర పట్టుకెళ్లి నిదానంగా నడిచుంటే మీ నాన్న బతికేవాడే అంటుంది. ఆ పిల్ల తండ్రి మీద కోపంతో పెదవి కొరుక్కుంటుంది.

నా లక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఒంటిమీద నీటిచుక్క పడితే కదా! ఇక్కడ దుమ్ము దులిపేవాడు కూడా పొడిగుడ్డతోనే తుడుస్తాడు.