అడ్డుకడ్డీ

ఆవిరికి కళ్ళు మండుతున్నాయి. జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ఆసుపత్రి దుప్పట్లు ఇంకా మూడు తోపుడుబళ్ళ నిండా ఉన్నాయి. సరిగ్గా అలాంటి వేళ లాండ్రీ యజమాని రోలరు దగ్గరికి వచ్చి, రెండు చేతులూ జోడించి, "వందనాలమ్మా" అన్నాడు.

అనుమానాలమ్మ తల ఎత్తి చూసింది. ఇన్నేళ్ళలో ఆయన నోటి వెంట "ఏమే" తప్ప ఇంకో పిలుపు ఆమె వినలేదు. ఆమెకి అనుమానాలమ్మ అని పేరు పెట్టింది తోటి పనివాళ్ళే. పాలు పల్చగా ఉంటే నీళ్ళు కలిపాడంటుంది, చిక్కగా ఉంటే ఇంకేం కలిపాడో అంటుంది. అలాంటి మనిషికి యజమాని దణ్ణం పెడితే ఏమనిపిస్తుంది? కొంగ జపం చేస్తోందంటే చేపలు ఎక్కడో దగ్గరలోనే ఉన్నాయనిపించింది.

"ఈ ఆదివారం నేను కూడా బల్లలో పాలు పొందుతున్నానమ్మా" అన్నాడు యజమాని. "పాస్టరు గారు ఒప్పుకున్నారు. ముందుగా మీ వదినామరదళ్ళతో సమాధానపడాలి. దేవుడు నన్ను క్షమించాడు. మీరు కూడా అందరి ముందూ చెయ్యి కలిపితే నా గుండె బరువు దిగిపోతుంది."

ఆ చర్చిలో అది పాత పద్ధతి. బల్ల అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం; దానికి ముందు, మనసులో పొరపొచ్చాలున్నవాళ్ళు లేచి చేతులు కలుపుకుంటారు.

"కడ్డీ పెట్టిస్తారా అయ్యగారూ?" అంది అనుమానాలమ్మ.

"అవన్నీ లోకసంబంధమైన మాటలమ్మా. వాటికి టైముంది." ఆయన గొంతు తగ్గించాడు. "మీ పని చూసే మేస్త్రీ ఈ నెలతో మానేస్తున్నాడు. ఆ పని నీకిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను."

ఆయన వెళ్ళాక అనుమానాలమ్మ మూల వైపు చూసింది. అక్కడ బల్ల మీద ఆమె ఆడపడుచు ఎడమచేత్తో తువ్వాళ్ళు మడుస్తోంది.

రోలరంటే మంచం పొడవున ఉండే ఇనప దుంగ. లోపల ఆవిరి నింపుకుని కాలుతూ తిరుగుతుంది. ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పటిని చెరో కొసా పట్టి అందిస్తే అవతలికి పొడిగా వస్తుంది. ముందు ఒక అడ్డుకడ్డీ ఉండేది; చెయ్యి తగిలితే చాలు, యంత్రం ఆగిపోయేది. దుప్పటి అంచు తగిలినా ఆగుతోందని, పని కుంటుపడుతోందని యజమాని దాన్ని విప్పించేశాడు. ఆ నెలలోనే ఆడపడుచు కుడిచెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. ఇప్పుడు చెయ్యైతే ఉంది గానీ వేళ్ళు ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒంటిచేతి పనికి సగం కూలీ చాలన్నాడు యజమాని. ఆమె నిలబడే చోట ఇప్పుడు పక్కింటి కోడలు నిలబడుతోంది. కడ్డీ మాత్రం ఇంకా గోడకి చేరేసే ఉంది.

ఈలోగా యజమానికి హోటళ్ళ పని కూడా దొరికింది. రెండో లాండ్రీ తెరిచాడు.

ఆడపడుచు రోజూ పడుకోబోయే ముందు ఆయన కోసం ప్రార్థన చేస్తుంది. అనుమానాలమ్మకి అది వింటే ఒళ్ళు మండుతుంది. "నువ్వు ప్రార్థన చెయ్యబట్టే రెండోది తెరిచాడు. ఇక ఆపు తల్లీ, మూడోది కూడా తెరుస్తాడు" అంటుంది. ఆడపడుచు నవ్వేసి, "దేవుడికి తొందర లేదు వదినా" అంటుంది.

"ఆయనకి లేకపోవచ్చు. పక్కింటి కోడలి వేళ్ళకి ఉంది."

పాస్టరు గారు చెప్పేదీ ఓర్పు గురించే. చెడ్డవాడి పచ్చదనం గడ్డి లాంటిదనీ, ఎండిపోయేదాకా ఓపిక పట్టాలనీ ఆయన అంటారు. గడ్డి ఎండేలోపు ఎన్ని చేతులు కాలాలో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆడపడుచు ముడుచుకున్న వేళ్ళకి నూనె రాసుకుంటుంటే అనుమానాలమ్మ కదిలించింది. "ఉన్నట్టుండి ఈయనకి మన చేతులతో పనేం వచ్చింది? ఏ ఇన్‌స్పెక్టరో వస్తూ ఉంటాడు. అంతా రాజీపడ్డాం అని చూపించుకోవాలి."

"నిజంగా మారాడేమో వదినా. మనిషి మారకూడదా?"

"మారినవాడు ముందు కడ్డీ పెట్టిస్తాడు. ఏడుపులు తర్వాత ఏడుస్తాడు." ఆమె దగ్గరికి జరిగింది. "నువ్వు చెయ్యిస్తావా?"

"ప్రార్థన చేసుకుని చూస్తాను."

ఇస్తుందన్నమాట, అనుకుంది అనుమానాలమ్మ. ఆమెకి ఆడపడుచు మీద జాలి పోయి కోపం వచ్చింది. పిరికితనానికి ఓర్పని ముద్దుపేరు పెట్టుకుని బతికేస్తోందనిపించింది. ఎవరూ అడగకపోతే ఆదివారం తానే అడగాలనుకుంది. వారమంతా దుప్పట్లు అందిస్తూ, అనాల్సిన మాటలు లోలోపల పేర్చుకుంది.

ఆదివారం లాండ్రీ ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే ఒకే వరసలో కూర్చున్నారు. పాస్టరు గారు రొట్టె ముక్కల పళ్ళెం మీద గుడ్డ తీసి, సమాధానపడేవాళ్ళు పడండి అన్నారు. వెనక వరసలోంచి యజమాని లేచి వచ్చాడు. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి. ఆ తడి నిజమో కాదో కనిపెడదామని అనుమానాలమ్మ కళ్ళు చిట్లించి చూసింది, తెలియలేదు.

ఆయన ముందు ఆమె దగ్గరే ఆగి చెయ్యి చాచాడు. వరసలన్నీ తలలు తిప్పాయి. పేర్చుకున్న మాటల్లో మొదటిది ఏదో ఆమెకి గుర్తు రాలేదు. ఇంటి అద్దె గుర్తొచ్చింది. ఆడపడుచు సగం కూలీ గుర్తొచ్చింది. మేస్త్రీ కూర్చునే కుర్చీ, దాని పక్కనున్న ఫ్యాను గుర్తొచ్చాయి. చూస్తుండగానే ఆమె చెయ్యి లేచి ఆయన చేతిలోకి వెళ్ళింది.

"వందనాలు" అంది. తన గొంతు విని తనకే అసహ్యమేసింది. ఊరందరినీ అనుమానించిన మనిషి, అడగ్గానే అందరికంటే ముందు లొంగిపోయింది.

యజమాని పక్కకి జరిగి ఆడపడుచు ముందు చెయ్యి చాచాడు. ఆమె మర్యాదగా లేచి నిలబడింది. కొంగు కిందనుంచి కుడిచెయ్యి తీసింది. ఎప్పుడూ దాచుకునే చెయ్యి అది. దాన్ని ఆయనకి ఇవ్వకుండా, గుండెల దగ్గరే పట్టుకుంది.

"మీ మీద నాకు కోపం లేదు అయ్యగారూ. మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఇక ముందూ చేస్తాను. చెయ్యి మాత్రం ఇప్పుడివ్వను. కడ్డీ పెట్టించండి. ఆ రోజు నేనే మీ ఇంటికొచ్చి ఇస్తాను."



"బల్ల ముందు షరతులు పెట్టకూడదమ్మాయ్" అన్నారు పాస్టరు గారు మెల్లగా. "సమాధానపడకపోతే నువ్వు తీసుకోవడానికి లేదు."

"తెలుసు పాస్టరు గారూ. ఆగుతాను. నాకు ఓపికుంది."

ఆమె కూర్చుంది. చాచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక యజమాని దాంతోనే కళ్ళు తుడుచుకుని వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. పాస్టరు గారు ప్రార్థన చెప్పి పళ్ళెం కదిలించారు.

లాండ్రీ వరసలో పళ్ళెం మొదట ఆడపడుచుకి అందింది. ఆమె దాన్ని ఎడమచేత్తో జాగ్రత్తగా పట్టుకుని, ముట్టుకోకుండా వదినకి ఇచ్చింది. ఆ మొహంలో భయం ఏ మూలనైనా ఉందేమోనని అనుమానాలమ్మ అలవాటుగా వెతికింది. లేదు.

తనకి అడ్డేమీ లేదు. చెయ్యి కలిపింది, తీసుకోవచ్చు. మేస్త్రీ పని కూడా తీసుకోవచ్చు. చిన్న చిన్న రొట్టె ముక్కలు పళ్ళెంలో తెల్లగా ఉన్నాయి. ఆమె కుడిచేతికి యజమాని సెంటు వాసన ఇంకా అంటుకునే ఉంది. ఆ చేత్తో రొట్టె ముట్టుకోబుద్ధి కాలేదు.

ఆమె పళ్ళాన్ని పక్కింటి కోడలికి అందించింది. ఆ పిల్ల ఇద్దరి మొహాలూ చూసి, తన పదివేళ్ళూ చూసుకుని, అవతలి ఆమెకి అందించింది. ఆమె తన పక్కనున్నామెకి ఇచ్చింది. ఒక్క ముక్క కూడా తగ్గకుండా పళ్ళెం వెనక వరసకి, యజమాని కూర్చున్న వైపుకి వెళుతోంది.