దేముడమ్మ కట్టు

పసిపిల్లలకి బొడ్డు ఉబ్బితే కూర్మన్నపాలెం తల్లులంతా దేముడమ్మ గుమ్మంలోనే వాలేవారు. బొడ్డు మీద రాగి కానీ బిళ్ల పెట్టి పాతచీర పేలికతో బిగించి కట్టేది. కొన్నాళ్లకి బొడ్డు లోపలికి పోయేది. దానంతటదే పోయేదేమో ఎవరు చూడొచ్చారు, పేరు మాత్రం దేముడమ్మకొచ్చింది.

పోర్టులో బస్తాలు మోసే ఆమె మొగుడు వరహాలుకి ఎనభై నాలుగులో కిడ్నీలు చెడిపోయాయి. వారానికోసారి ఆస్పత్రిలో బొడ్డు కింద కన్నం పెట్టి కడుపులోకి గొట్టం దించి, రెండేసి లీటర్ల నీళ్లు ఎక్కించి, కాసేపుంచి తీసేవారు. వెళ్లినప్పుడల్లా రెండ్రోజుల పాటు మళ్లీ మళ్లీ అదే పని. ఒంట్లో విషం ఆ నీళ్లతో పోయేది. ఇంటికొచ్చాక వరహాలు లేచి కూర్చుని, "ఒలే, సేపల పులుసెట్టవా" అనేవాడు. ఆ మాట కోసమే ఆమె బతుకుతోంది.

మూడో నెలలో అతని గజ్జల్లో నిమ్మకాయంత బుడిపె లేచింది. పడుకుంటే పోయేది, దగ్గితే వచ్చేది.

"డాట్రుబాబుకి సెప్దాం మావా."

"సెప్తే నీళ్లాపేత్తారే. పక్కమంచం అర్జునరావుకి జొరమొచ్చిందని ఆపీసినారు. నాల్రోజుల్లో పోనాడు. నోరు మూసుకో."

మూసుకుంది. చేతులు కూడా ముడుచుకుంటే బాగుండేది, పనితనం ఊరుకోనిస్తుందా? బొడ్డయితేనేం గజ్జయితేనేం అనుకుంది. కానీ బిళ్లకి గుడ్డ చుట్టి బుడిపె మీద పెట్టి, లుంగీ కింద కనబడకుండా కట్టింది. నెల్లాళ్లు ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాతి వారం ఆస్పత్రిలో నీళ్లెక్కిన కొద్దీ బుడిపె కట్టుని తోసుకొచ్చింది. వరహాలు మూలిగాడు. దేముడమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టి ముడి ఇంకాస్త బిగించింది.

మర్నాటికి పచ్చటి వాంతులు. నర్సు లుంగీ తప్పించి కట్టు కోసింది. లోపల చర్మం నల్లబడిపోయి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" డాక్టరు అడిగాడు.

"నెల బాబూ. సెప్తే నీళ్లాపేత్తారని..."

"ఎందుకాపుతామమ్మా? ఈ నీళ్ల బరువుకి ఇలా పేగు జారడం ఉన్నదే. నీళ్లు తగ్గించి ఎక్కించేవాళ్లం. ముందే కుట్టేసేవాళ్లం."

ఆపరేషన్ చేశారు. కట్టు కింద నలిగి పేగు కుళ్లిపోయింది. తెల్లారేసరికి వరహాలు పోయాడు. కట్టింది తన చేతులే కదా అని దేముడమ్మ గుండె బాదుకుంది.

నెల తిరగ్గానే పక్కింటి నూకాలు చంటిదాన్నెత్తుకొచ్చింది. బొడ్డు ఉబ్బింది.

"కట్టెయ్యి అత్తా."

దేముడమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "డాట్రుబాబుకి సూపించు."

"ఇంతదానికేనా?"

"ఇంతదానికే."