కొట్టేసిన పేరా

అశోక్‌నగర్‌లో వ్యాసం నేర్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. శ్రీదివ్య మాత్రం వెతుక్కుంటూ పోయి రామచంద్రరావు మాస్టారి దగ్గరే చేరింది. ఆయన తక్కువ మాట్లాడి ఎక్కువ రాయిస్తారని పేరు. గ్రూప్స్ పరీక్ష ఆమెకిది మూడోసారి.

"వాదన రాసేవాడు ముందు ఎదుటివాడి మాట రాయాలమ్మా," అన్నారాయన మొదటి రోజే. "అది చదివి వాడు, అవును, నేననేది ఇదే అని తలూపాలి. ఆ తర్వాతే మీ జవాబు. అది లేకుండా రాసేది వాదన కాదు, దబాయింపు."

శ్రీదివ్యకు ఇది మింగుడు పడలేదు. మన కాగితం మీద వాడి మాటెందుకు, కొరివితో తల గోక్కోవడం కాకపోతే అనుకుంది. ఆ తెలివే కొంప ముంచింది.

వారం తర్వాత మాస్టారు, నిజంగా ఎవరికైనా ఇవ్వాల్సిన అర్జీ ఒకటి రాసుకురమ్మన్నారు. ఆమెకు విషయం వెతుక్కునే పనే లేదు. చిక్కడపల్లిలో ఒక ట్రస్టు నడిపే ఉచిత రీడింగ్ రూమ్‌లో రోజంతా చదివేది. ఉన్నవి నలభై కుర్చీలు. పొద్దున ఏడింటికి తలుపు తీయగానే ముందు దూరినవాళ్లు, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, స్నేహితుల కోసం పక్క కుర్చీల్లో కూడా పుస్తకాలు పడేసేవారు. ఆ మహానుభావులు పదకొండింటికి తీరిగ్గా వచ్చేవారు. పెందలాడే లేచి వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చునేవారు. ఒళ్లు మండదా మరి?

ఎవరూ ఇంకొకరి కోసం కుర్చీ పట్టకూడదంటూ కలం జోరుగా సాగింది. చివరికొచ్చేసరికి మాసయ్య గుర్తొచ్చాడు. బర్కత్‌పురలో ఒక అపార్ట్‌మెంట్‌కు రాత్రి వాచ్‌మన్. ఎనిమిదింటికి డ్యూటీ దిగి, నారాయణగూడలో చాయ్ తాగి, తొమ్మిదింటికి రీడింగ్ రూమ్‌కు నడిచి వచ్చేవాడు. నలభై దాటినవాడు. ఈసారి పోతే పరీక్షకు వయసు దాటిపోతుంది. అతని కోసం రోజూ ఎవరో ఒకరు ఒక కుర్చీలో పుస్తకం పెట్టి ఉంచేవారు. చాలాసార్లు పెట్టింది శ్రీదివ్యే. రాజ్యాంగం బుర్రకెక్కక ఆమె ఏడ్చిన రోజున పక్కన కూర్చుని ఓపిగ్గా విప్పి చెప్పింది అతనే.

అందుకే ఒక పేరా రాసింది. రాత్రంతా పని చేసి వచ్చేవాళ్లు ఏడింటికి రాలేరు, వాళ్లకు ఎవరైనా కుర్చీ పట్టి ఉంచడం సోకు కాదు, ఆసరా అని. మళ్లీ చదువుకుంది. బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంత బాగుంటే అసలు అర్జీ పలచబడిపోదూ? అడ్డంగా గీత పెట్టి కొట్టేసింది.

మరునాడు హాల్లో సంతకాలకు తిప్పింది. మాసయ్య నిలబడే రెండుసార్లు చదివాడు.

"మస్తు రాసినవ్ చెల్లె. పొద్దుగాల లేసొచ్చేటోళ్లకు నిజంగ అన్యాయమే అయితున్నది," అని సంతకం పెట్టాడు.

అతని కుర్చీ కూడా పోతుందని అతనికి తట్టినట్టు లేదు, ఆమెకు మాత్రం తెలుసు. అన్నా, ఆగు అనకుండా కాగితం పక్కవాళ్లకు అందించింది. అప్పటికే ముప్పై సంతకాలయ్యాయి, ఆ ఊపు అలాంటిది. మాస్టారు మాత్రం అర్జీ కాపీ కింద ఒకే ముక్క రాసి ఇచ్చారు. ఎదుటివాడు ఏడీ?

వారం తిరక్కుండానే గోడ మీద నోటీసు పడింది, ఎవరి కుర్చీ వాళ్లే పట్టుకోవాలని. మాసయ్య నాలుగు రోజులు మెట్ల మీద కూర్చున్నాడు. నిద్ర లేని కళ్లతో, వచ్చేపోయేవాళ్లకు దారిస్తూ మాటిమాటికీ కాళ్లు ముడుచుకున్నాడు. శ్రీదివ్య అంతా చూసింది, తల వంచుకుని తన కుర్చీలో చదువుకుంది. ఐదో రోజు నుంచి అతను రాలేదు.

ప్రిలిమ్స్ ఫలితాల్లో ఆమె గట్టెక్కింది. మాసయ్య నంబరు లేదు. పైనా కిందా మూడుసార్లు వెతికింది, లేదు.

అప్పుడు రాసింది ఇంకో అర్జీ, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. కొట్టేసిన పేరాను ఈసారి మొదట్లో పెట్టింది. రీడింగ్ రూమ్ మేనేజర్ చదివి, "గీ ముచ్చట అప్పుడే రాస్తే నాలుగు కుర్చీలు అప్పుడే పక్కకు పెడుతుంటిమి కదమ్మా. జర ముందు చెప్పొద్దా?" అని, రాత్రి డ్యూటీ చేసి వచ్చేవాళ్లకు నాలుగు కుర్చీలు కేటాయించాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ సాయంత్రమే బర్కత్‌పుర వెళ్లింది. గేటు పక్క గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. మాసయ్య దాన్ని తుడిచి ఆమెను కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. రాసిన సంగతి, కొట్టేసిన సంగతి అంతా చెప్పేసింది. అతను కాగితం అడిగి తీసుకుని చదివాడు. అవునన్నట్టు తలూపాడు.

"గిది నా మాటనే చెల్లె," అన్నాడు. "గిది ఉంటే నేను ఆనాడు సంతకం పెట్టేటోన్ని కాదు."

"నాలుగు కుర్చీలు ఇచ్చిండ్రన్నా. మళ్ల రా."

"ఇప్పుడు కుర్చీతోని నాకేం పని?"

బయట కారు హారన్ మోగింది. మాసయ్య కాగితం జాగ్రత్తగా మడిచి ఆమె చేతిలో పెట్టి, గేటు తీయడానికి వెళ్లాడు.