మాలిస్ కుండలో ఎసరు

థావరి రోజూ పొద్దున్నే ఇంత అన్నం, ఎండుచేప తినేసి మెట్లు దిగుతుంది. గుంజల మీద నిలబడ్డ ఇల్లు కాబట్టి ఇంటి కిందే ఆమె పనిచోటు. అక్కడున్న తాటిదుంగ మీద మట్టిముద్ద పెట్టి దాని చుట్టూ నడవడం మొదలుపెడుతుంది. మా ఊళ్లో కుండలు చేసే ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి. ఇక్కడ సారె తిరగదు, మనిషే తిరుగుతుంది. లోపలి చేతిలో గుండ్రాయి, బయటి చేతిలో చెక్క, రెంటి మధ్యా మట్టి పల్చబడుతుంటే అడుగులు మాత్రం ఆగకూడదు. ఆగితే కుండ ఒక పక్కకి పొట్ట వేసుకుని కూర్చుంటుంది. అలా నడిచీ నడిచీ థావరి ఇంటి కింద నేల గుండ్రంగా కాలువలా అరిగిపోయింది. వానాకాలంలో కప్పలు అందులో కాపురం పెడతాయి.

అంతసేపు నడుస్తూ నోరు మూసుకోవడం ఎవరివల్ల అవుతుంది? పక్కింటామెతోనో, పిల్లలతోనో, ఎవరూ లేకపోతే తమలో తామో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. ఆ మాటలు మట్టికి పట్టుకుంటాయి. కుండని ఆవంలో కాల్చి, బండెక్కించి, ఏ ఊళ్లో అమ్మినా సరే, పొయ్యి మీద ఎసరు మరిగినప్పుడు ఆ మాటలు బయటికొస్తాయి. అన్నం ఉడికేదాకా వినపడి, నీళ్లు ఇంకిపోగానే ఆగిపోతాయి. మర్నాడు మళ్లీ ఎసరు పెడితే మళ్లీ అవే మాటలు. కుండలు కొనేవాళ్లకి ఇది తెలుసు. పొద్దుపోని ముసలివాళ్లు వాగుడుకాయలు చేసిన కుండలు ఏరి మరీ కొనుక్కుంటారు. కొత్తగా పెళ్లైనవాళ్లు మాత్రం బేరం ఆడేముందు, "ఇది చేసినావిడ అత్తగారిని తిట్టలేదు కదా?" అని అడిగి తీసుకుంటారు. ఈమధ్య పట్నం నుంచి ఎవరో వచ్చి మా ఆడపిల్లలకి కూర్చుని తిప్పే సారెలు నేర్పారు. ఆ కుండలు నున్నగా ఉంటాయి, మూగగా ఉంటాయి.

థావరి కుండల్లో మాటలు తక్కువ. నడుస్తూ ఆమె ఎక్కువగా వింటూ ఉంటుంది. ఏం వింటుందంటే, రోడ్డు మీద బండి చప్పుడు.

ఆమెకి ఆరేళ్లప్పుడు తల్లి మాలిస్, తండ్రి కలిసి కుండల బండి కట్టుకుని ధాన్యం మారకానికి దక్షిణానికి వెళ్లారు. థావరిని యాన్ పెద్దమ్మ దగ్గర వదిలి వెళ్లారు. ఆ ఏడాదే కొత్త సంవత్సరం పండక్కి తుపాకులు పట్టుకుని నల్లబట్టల తిరుగుబాటుదార్లొచ్చి ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి, జనాన్ని వెట్టిపనికి తోలారు. పెద్దమ్మ, థావరి నాలుగేళ్లు పుర్సత్ పొలాల్లో మట్టి మోసి, గంజినీళ్లు తాగి, ఎలాగో బతికి తిరిగొచ్చారు. వచ్చేసరికి ఇంటికి గుంజలు మాత్రం మిగిలాయి. ఆ గుంజల మధ్యనే తాటాకులు కప్పుకుని ఉన్నారు. వేరే మంచి జాగా ఇస్తామన్నా థావరి కదల్లేదు. "ఇక్కణ్ణించి కదలొద్దంది మా అమ్మ. నేనొచ్చేదాకా ఇక్కడే ఉండమంది" అనేది. ఆ మాట ఆమెకి చెప్పింది పెద్దమ్మే. థావరికి సొంతంగా గుర్తున్నది ఒకటే, దుంగ చుట్టూ తల్లి పాదాలు. గొంతు మాత్రం గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు.

ఇప్పుడు ఆమెకి నలభై దాటాయి. సంత దాటి ఎక్కడికీ వెళ్లింది లేదు. ఏటా పితృదేవతల పదిహేను రోజుల్లో ఊరంతా గుడికి అన్నం ముద్దలు పట్టుకెళ్లి పోయినవాళ్ల పేర్లు చదివిస్తుంది. థావరీ ముద్దలు పట్టుకెళుతుంది కానీ తల్లిదండ్రుల పేర్లు మాత్రం ఇవ్వదు. "బండి మీద పోయినవాళ్ల పేర్లు చచ్చినవాళ్లలో రాయిస్తానా?" అంటుంది. భిక్షువు కూడా బలవంతపెట్టడు.

ఆమెకి మిగిలిన ఆశల్లా ఒకటే. తల్లి ఆఖరి బండిలో వేసుకెళ్లిన కుండల్లో ఒక్కటైనా ఎవరింట్లోనో బతికి ఉండాలి. దాంట్లో ఎసరు మరిగితే తల్లి గొంతు వినపడాలి. అందుకే పాత కుండ ఒకటి తెస్తే కొత్తవి రెండిస్తానని చాటించింది. అలా వచ్చిన కుండలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో ఎసరు పెట్టి వింది. ఎవరో తమలపాకుల ధర గురించి వాపోయారు. ఇంకెవరో మొగుడి గురక గురించి పొద్దస్తమానం ఫిర్యాదు చేశారు. తల్లి మాత్రం ఏ కుండలోనూ లేదు.

ఈ పాత కుండలు మోసుకొచ్చేది ఫిరున్. దక్షిణాన ఉన్న తాకేవ్ మనిషి. కోతలైపోగానే ఎద్దులబండి తోలుకుంటూ వచ్చి, థావరి కుండలు గడ్డిలో పేర్చుకుని ఊరూరూ తిరిగి, ధాన్యం తెచ్చి ఆమె వాటా ఆమెకిస్తాడు. పధ్నాలుగేళ్ల నుంచి వస్తున్నాడు. పధ్నాలుగేళ్ల నుంచీ అదే మాట అడుగుతున్నాడు.

"నువ్వీ దుంగ చుట్టూ నడిచిన నడకంతా సాగదీస్తే తాకేవ్‌కి వందసార్లు పోయి రావచ్చు. ఒక్కసారి నాతో రారాదూ?"

"మనలో పెళ్లికొడుకే పెళ్లికూతురింటికి ఇల్లరికం రావాలి గానీ, పెళ్లికూతురు వెళుతుందా ఎక్కడైనా? నీకు ఆమాత్రం ఆచారం తెలీదా?"

"తెలుసు. మా అమ్మకి కళ్లు కనపడవు, మంచం దిగలేదు. ఆమెని వదిలి నేనెలా వస్తాను? ఆచారం వచ్చి గంజి కాచి పోస్తుందా?"

అక్కడికి ఇద్దరూ నవ్వేసి ఊరుకునేవాళ్లు. నవ్వు అయ్యాక థావరి చాలాసేపు చెక్కతో కుండని తట్టుతూ ఉండేది. ఆమెకి అతనంటే ఇష్టం. ఊరందరికీ తెలుసు, ఎద్దులకి కూడా తెలుసు, ఆమె చెయ్యి చూస్తే మెడ చాపేవి. కానీ ఆమె వెళ్లిపోయిన మర్నాడే తల్లి వస్తే? ఖాళీ ఇల్లు చూసి వెనక్కి తిరిగితే?

ఈ ఏడాది ఫిరున్ రావడం పదిరోజులు ఆలస్యమైంది. వచ్చినవాడు బండి విప్పకుండానే ఇంటి కిందికి వచ్చి నిలబడ్డాడు.

"ఇదే ఆఖరు, థావరీ. ఎద్దులు ముసలివైపోయాయి. కుండలు ఇప్పుడు లారీలో పోతున్నాయి, బండి తోలేవాడి అవసరం ఎవరికుంది? తిరిగెళ్లాక బండి మూలపడేస్తాను. నువ్వు రాకపోతే ఇంక మనం కలిసేది లేదు."

థావరి నడక ఆపలేదు. ఆమె చేతిలో కుండ మాత్రం వంకరపోయింది.

"ఇంకొకటుంది" అని ఫిరున్ బండిలోంచి గడ్డిచుట్ట తెచ్చి జాగ్రత్తగా విప్పాడు. అందులో నల్లగా మసిబారిన పాత కుండ ఉంది. అంచు నుంచి పొట్ట దాకా వెంట్రుకలా సన్నటి బీట.

"కంపాంగ్ స్పూ అవతల ఒకావిడ ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి ఆగాను. గ్యాసు అయిపోయిందని కట్టెలపొయ్యి ముట్టించి, అటక మీంచి ఈ కుండ దించింది. ఎసరు కాగుతుంటే లోపల్నించి ఎవరో 'థావరీ' అని పిలిచారు."

థావరి ఆగిపోయింది. కుండ పని మధ్యలో ఆమె ఆగడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

"తర్వాత?"

"తర్వాత నేను వినలేదు. పొయ్యి మీంచి దింపేశాను. నిన్ను పిలిచిన పిలుపు నేనెందుకు వింటాను? ఆవిడ బాగా తిట్టిందిలే, సగం ఉడికిన బియ్యమే పెట్టింది. నాలుగు కుండలు, నా చేతిగడియారం ఇస్తే గానీ దీన్ని వదల్లేదు."

"చాలా దూరం తెచ్చావు" అంది థావరి.

"బీట చూశావుగా. ఇంకొక్కసారి ఎసరుకి ఆగుతుందేమో, అంతే. ఆలోచించుకుని పెట్టు."

యాన్ పెద్దమ్మ పక్కింట్లో కొడుకు దగ్గర ఉంటుంది. కబురు తెలిసి కర్ర ఊతం చేసుకుని వచ్చింది. కుండ అంచు మీద వరసగా మూడు గోటి నొక్కులు చూసి అక్కడే చతికిలబడింది.

"మాలిస్‌దేనే. దాని గోళ్లే ఇవి."

"ఎసరు పెడతాను పెద్దమ్మా."

"ఒద్దే తల్లీ. పగిలిపోతుంది. దాచుకో. దేవుడి పటం పక్కన పెట్టి దణ్ణం పెట్టుకో. ఒక్కసారి విని ఏం చేస్తావు? ఉన్నది కాస్తా పోతుంది."

అది నిజమే అనిపించింది థావరికి. మూడు రోజులు కుండని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దుంగ మీద మట్టి ఎండిపోయింది. చెవి ఆనిస్తే ఏమీ వినపడదు, మసి వాసన ఒక్కటే వస్తుంది. తల్లి గొంతు తన చేతుల మధ్యనే ఉంది, తను వినకపోతే ఎప్పటికీ ఉంటుంది, వింటే పోతుంది. ఫిరున్ బండి చక్రానికి నూనె రాస్తూ, రాసినదానికే మళ్లీ రాస్తూ కాలక్షేపం చేశాడు.

నాలుగో రోజు పొద్దున థావరి గుప్పెడు బియ్యం కడిగింది. ఇంటి కిందే మూడు రాళ్లు పేర్చి, సన్నటి పుల్లలతో చిన్నమంట పెట్టి కుండ ఎక్కించింది. పెద్దమ్మ "ఒద్దే, ఒద్దే" అంటూనే వచ్చి పక్కన కూర్చుంది. ఫిరున్ లేచి వెళ్లబోతే థావరి అతని గళ్ల తువ్వాలు కొస పట్టుకుని ఆపింది.

బీటలోంచి ఒక్కో చుక్కా కారి మంటలో సుయ్ సుయ్ అంటోంది. ఎసరు కాగింది. ముందు అడుగుల చప్పుడు వచ్చింది, చెక్క తట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత ఒక ఆడగొంతు, కొంచెం జలుబు చేసినట్టున్న గొంతు, ఆయాసపడుతూ మాట్లాడింది.

"థావరీ, నా కాళ్లకి అడ్డం పడకే. పడతావు."

"నేనూ బండిలో వస్తా." అది చిన్నపిల్ల గొంతు. థావరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈసారికి ఒద్దమ్మా. రోడ్ల మీద తుపాకులు పేలుతున్నాయి. నీకేమైనా అయితే నేను బతకను. పండక్కి వచ్చేస్తాను. తాటిబెల్లం తెస్తాను."

"రాకపోతే?"

కాసేపు అడుగులే వినపడ్డాయి. చుట్టూ, ఇంకోసారి చుట్టూ.

"రాకపోతే నువ్వే రా. పెద్దమ్మని తీసుకుని, ఏ బండి దొరికితే ఆ బండెక్కు. ఇక్కడ కూర్చుని నాకోసం చూస్తూ ఉండకు. కూర్చుంటే ఏమవుతుంది? చెప్పు, ఏమవుతుంది?"

"కుండ వంకరపోతుంది."

"మరే! మా బంగారం. మనం నడిచేవాళ్లమే. నడువు, నా వెనకాలే నడువు. ఆఁ, అలాగ..."

నీళ్లు ఇంకిపోయాయి. కుండ పెద్ద చప్పుడేమీ చెయ్యకుండా రెండుగా విడిపోయి, అన్నం నిప్పుల మీద పడింది.

పెద్దమ్మ తలెత్తలేకపోయింది.

"కదలొద్దన్నది మీ అమ్మ కాదే" అంది చివరికి. "నేనే. పుర్సత్‌లో పిల్లలు ఆకలికి తిండి వెతుక్కుంటూ పోయి మళ్లీ వచ్చేవాళ్లు కాదు. అమ్మ చెప్పిందంటే నువ్వు వింటావని అలా అన్నాను. అది అవసరమే అయింది, నువ్వు బతికావు. తిరిగొచ్చాక నువ్వు ఆ మాటనే ఈ ఇంటికీ అంటగట్టుకున్నావు, అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే ఏదో ఒక బండెక్కి పోతావని నోరు రాలేదు. ఈ ఏడాది, వచ్చే ఏడాది అనుకుంటూనే... నీకు నెరిసిన వెంట్రుకలు వచ్చాయి. నన్ను ఏమైనా అను."

థావరికి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల కోపం ఒక్కసారిగా వచ్చింది. అంటే చాలా అనగలదు. పెద్దమ్మ చేతుల వంక చూసింది. పుర్సత్‌లో తన వాటా గంజి కూడా థావరికే పోసిన చేతులు అవి. నిప్పుల మీంచి నాలుగు మెతుకులు తీసి, బూడిద ఊది, సగం పెద్దమ్మ చేతిలో పెట్టింది. మిగతా సగం తను తిని, ఆపకుండా ఏడ్చింది.

కళ్లు తుడుచుకున్నాక ఫిరున్‌ని అడిగింది. "ఒక వారం ఆగుతావా? ఒక్క కుండ చెయ్యాలి."

"పధ్నాలుగేళ్లు ఆగినవాణ్ణి. వారానికి ఏం వచ్చింది?"

ఆ కుండ చేస్తున్నప్పుడు థావరి ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. దుంగ చుట్టూ తిరుగుతూ ఏదో చెబుతూనే ఉంది. అంచు మీద తల్లిలాగే మూడు గోటి నొక్కులు నొక్కింది. కుండ ఆరింది, ఆవంలో కాలి ఎర్రగా వచ్చింది. దాన్ని తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టింది.

"నన్ను కూడా తీసుకెళ్లమంది మీ అమ్మ" అంది పెద్దమ్మ. అడిగినట్టు లేదు, గుర్తుచేసినట్టుంది.

"రా మరి. బండిలో చోటుంది."

"ఎక్కడికే? నేనూ వస్తే ఈ కుండకి ఎసరెవరు పెడతారు? ఇన్నాళ్లూ నిన్ను కూర్చోబెట్టాను. ఇప్పుడు నేను కూర్చుంటాను."

బండి కదిలే వేళకి ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆడవాళ్లు, "పెళ్లికూతురు వెళుతోందర్రా, ఆచారం చూడండి!" అని ఆటపట్టిస్తూ కళ్లు తుడుచుకున్నారు. థావరి బండెక్కలేదు. కొంతదూరం నడుస్తానంది. ఫిరున్ దిగి ఆమె పక్కన నడిచాడు.

వెనక ఇంటి కింద పెద్దమ్మ అప్పుడే పొయ్యి ముట్టించింది. బండి మలుపు చేరేసరికి ఎసరు కాగి, థావరి గొంతే థావరికి వినపడింది.

"అమ్మా, వచ్చావా? కాళ్లు కడుక్కో. నువ్వు ఉన్నావో లేవో నేనడగను. తాకేవ్‌లో ఫిరున్ అనే బండాయన ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ముందు అన్నం తిను. నీకోసం చాలాకాలం కూర్చున్నానమ్మా. నువ్వు చెప్పింది ఇప్పుడే విన్నాను. నడుస్తున్నాను."

మలుపు తిరిగాక ఎద్దుల గంటలే మిగిలాయి. యాన్ పెద్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నీళ్లు ఇంకి మాటలు ఆగేదాకా విని, కుండ దింపింది. ఆ రోజు నుంచి ఆమె రోజూ మధ్యాహ్నం ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తోంది.